ఎండుపండ్ల కాకిలెక్కలు

తాయెత్తు కడితే రోగం పోతుందని ఎవరైనా అంటే నవ్వుతాం. గుమ్మానికి నిమ్మకాయలు వేలాడదీస్తే దిష్టి పోతుందంటే వాదనకు దిగుతాం. కానీ "రాత్రి పది ఎండుద్రాక్షలు నానబెట్టి, పొద్దున్నే పరగడుపున తిని ఆ నీళ్ళు తాగితే నెల తిరిగేసరికి నడుం సన్నబడుతుంది" అంటే మాత్రం మనలోనే సగంమంది ఆ రాత్రే గిన్నె వెతుక్కుంటారు. ఎందుకంటే ఇందులో దేవుడు లేడు, మంత్రం లేదు. పండు ఉంది, నీళ్ళున్నాయి, "పీచుపదార్థం", "యాంటీ ఆక్సిడెంట్లు" అనే మాటలున్నాయి. మూఢనమ్మకం కాషాయం విప్పి తెల్లకోటు వేసుకుంటే హేతువాది కూడా గుర్తుపట్టడం లేదు.

మా సంఘం సమావేశాల్లోనే చూస్తున్నాను. టీలో చక్కెర వద్దని గట్టిగా చెప్పి, జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీసే మిత్రులు ముగ్గురు నలుగురున్నారు. అడిగితే "అది సహజమైన తీపి కదండీ, బరువు పెరగదు, పైగా తగ్గుతుంది" అంటారు. సహజం అనే మాట ఉన్నచోట మన ప్రశ్నలెందుకు ఆగిపోతాయో నాకు అర్థం కాదు. గన్నేరుకాయ కూడా సహజమే.

నేను వైద్యుణ్ణి కాను. బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసి, రిటైరైనవాణ్ణి. అయితే ఈ విషయంలో వైద్యం కన్నా ముందు కావలసింది కూడికలు, తీసివేతలు. అవి నాకు వచ్చు.

ఆ లెక్క మొదట కళ్ళకు కట్టినట్టు కనబడింది తర్లగూడలో. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కి, వాజేడు మండలం మీదుగా భోపాలపట్నం వైపు పోతుంటే ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెట్టగానే తగిలే ఊరది. బీజాపూర్ జిల్లా. బోర్డులు హిందీలో ఉంటాయి, మాట తెలుగులో ఉంటుంది. రాష్ట్రాల గీతలు ఎక్కడ గీసినా సంబంధాలు మాత్రం అటూ ఇటూ కలుపుకుంటూనే ఉన్నారు. మాకూ అక్కడ చుట్టరికం ఉంది. వేసవి మొదట్లో వెళితే ఏ వాకిట్లో చూసినా ఇప్పపువ్వు ఎండుతూ ఉంటుంది. తెల్లవారకముందే రాలిన పువ్వును చీకట్లోనే ఏరుకొస్తారు. ఎలుగుబంట్లకూ అది ఇష్టమే గనక ఒంటరిగా పోరు. తెచ్చిన రోజున లేతపసుపు రంగులో, ద్రాక్షపండులాగా నీరు నిండి, మెత్తగా ఉంటుంది. నాలుగైదు రోజులు ఎండ తగిలేసరికి ముదురు గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుని, అచ్చం కిస్మిస్‌లా తయారవుతుంది. పేరుకు పువ్వేగాని, తినడానికీ దాచడానికీ అది ఆ అడవి ఎండుపండు.

నాకు తూకం పిచ్చి. చుట్టాలింట్లో ఉన్న తక్కెడలో కిలో పచ్చిపువ్వు తూచి విడిగా ఎండబెట్టించాను. నాలుగోరోజుకు పావుకిలోకు కాస్త పైన తేలింది. ముప్పాతిక కిలో ఎటు పోయింది? నీరై గాలిలోకి పోయింది. తీపి పోయిందా? లేదు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. నీరు పోయింది, చక్కెర అక్కడే కూర్చుంది. బరువు తగ్గింది నిజమే, కానీ తగ్గింది పువ్వు బరువు. తిన్నవాడి బరువు కాదు.

ద్రాక్షపండు లెక్కా ఇంతే. వంద గ్రాముల పచ్చిద్రాక్షలో సుమారు 70 కేలరీలుంటే, వంద గ్రాముల ఎండుద్రాక్షలో 300కు అటూ ఇటూ ఉంటాయి. పచ్చి అంజూరలో 74, ఎండితే 250 దాకా. ఖర్జూరంలో 280, రకాన్ని బట్టి అంతకంటే ఎక్కువ. ఎండలో ఏ శక్తీ పుట్టుకురాలేదు. కిలో ద్రాక్షలో ఉన్న 690 కేలరీలే 230 గ్రాముల కిస్మిస్‌లోకి సర్దుకున్నాయి. మొత్తం మారలేదు, భాగహారం కింద ఉన్న అంకె మారింది. కిలో ద్రాక్షపండ్లు ఒక్క కూర్చోటులో తినమంటే మనలో ఎవరివల్లా కాదు. 230 గ్రాముల కిస్మిస్ మాత్రం టీవీలో ఒక సినిమా అయ్యేలోపు అయిపోతుంది.

మరి నానబెడితే నీరు తిరిగి వస్తుంది కదా అంటారు. కొంత వస్తుంది. నీటికి కేలరీలు లేవు గనక మొత్తం పెరగదు, తగ్గదు. నానినప్పుడు కొంత చక్కెర నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు పారబోస్తే కాస్తయినా తగ్గేది, కానీ చిట్కా ప్రకారం వాటినీ తాగాలి! ఇక్కడ ఒక్క మంచిమాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1999లో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. ఒకే వంటకాన్ని మామూలుగా ఇచ్చారు. పక్కన గ్లాసు నీళ్ళు పెట్టి ఇచ్చారు. అవే నీళ్ళు అందులో కలిపి చారులా చేసి ఇచ్చారు. చారు తాగినవాళ్ళు తర్వాతి భోజనం తక్కువ తిన్నారు. పక్కన నీళ్ళు తాగినవాళ్ళలో ఆ తేడా రాలేదు. అంటే ఆహారంలో కలిసి ఉన్న నీరు కడుపు నింపుతుంది. అందుకే పచ్చిపండు మంచిది. ఆ నీటినంతా ఎండలో వదిలించుకుని, తర్వాత పావువంతు నానబెట్టి తెచ్చుకోవడం చుట్టూ తిరిగి చెవి పట్టుకోవడమే.

తర్లగూడ మాట ఇంకొంచెం చెప్పాలి. ఇప్పపువ్వుకు ఇప్పుడు పట్నాల్లో మంచిరోజులొచ్చాయి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పలడ్డూలు చేసి అమ్ముతోంది. బెల్లం, నువ్వులు, పల్లీలతో కలిపి చేసే ఆ లడ్డూ తిన్నాను, బాగుంది. పువ్వు ఏరినవాళ్ళకు సారా బట్టీ కాకుండా ఇంకో దారి దొరకడం సంతోషించాల్సిన విషయం. నాకు పేచీ లడ్డూతో లేదు. ఎక్కడో పట్నంలో కూర్చుని "ఇప్పపువ్వు బరువు తగ్గిస్తుంది, షుగరు తగ్గిస్తుంది" అని ప్రచారం మొదలుపెట్టినవాళ్ళతో ఉంది. ఈ మాట నేను తర్లగూడలో పువ్వు ఎండబోస్తున్న ఒక పెద్దావిడ దగ్గర అన్నాను. ఆమె చేట కిందపెట్టి నవ్వింది. "సన్నవడనీకి తినుడెందుకు సారూ, తినకుంటె సాలదా?" అంది.

ఆ నవ్వులో ఉన్న లెక్క మన చిట్కా వైద్యుల పుస్తకాల్లో లేదు. వానాకాలంలో గింజలు అడుగంటిన రోజుల్లో అక్కడి తరాలు ఎండు ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని, చింతగింజలతోనో ధాన్యంతోనో కలుపుకుని తిన్నారు. ఎందుకు తిన్నారు? ఒంట్లో బలం నిలవాలని. కొంచెంలో ఎక్కువ శక్తి ఉంటుందని, నెలల తరబడి చెడదని. ఎండుపండు గుణం అదే, మొదటినుంచీ అదే. ఎడారిలో ఒంటెల మీద పోయేవాళ్ళు ఖర్జూరాలు మూటగట్టుకున్నదీ అందుకే, సన్నబడడానికి కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.3 శాతం మంది వయసుకు తగిన బరువు లేరు. అది రాష్ట్రం మొత్తానికి సగటు. అదే సర్వేలో ఛత్తీస్‌గఢ్ మహిళల్లో అధికబరువు ఉన్నవాళ్ళు 14.1 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అడవిలో బరువు పెరగాల్సిన పిల్లలు, పట్నంలో బరువు తగ్గాల్సిన పెద్దలు. మధ్యలో ఒకే పువ్వు. ఒకే వస్తువు వానాకాలంలో అడవిలో ఒళ్ళు నిలబెట్టి, పట్నానికొచ్చి సీసాలో పడగానే ఒళ్ళు కరిగించడం ఎలా సాధ్యం? కొన్నవాడి చిరునామా చూసి పనిచేసే పదార్థం ఏ రసాయనశాస్త్రంలోనూ లేదు.

బస్తర్ సంతల్లో ఉప్పుకు సమానంగా సారపప్పు తూచి తీసుకుపోయిన వ్యాపారుల కథ చాలామందికి తెలుసు. అది తూకంలో మోసం కాదు, విలువలో మోసం. తక్కెడ రెండువైపులా సరిగ్గానే ఉంది! ఇప్పుడు ప్రచారాల్లో జరుగుతున్నదీ ఆ కోవలోదే. చెప్పే అంకె ప్రతిదీ నిజమే అయి ఉండొచ్చు, పక్కపక్కన పెట్టిన వస్తువులు వేరు.

ఆ గారడీ మొదలయ్యేది పేరు దగ్గరే. మన దేశంలో "డ్రై ఫ్రూట్స్" అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు జాతులను కలిపేశాం. బాదం, జీడిపప్పు, పిస్తా, అక్రోటు గింజలు. వాటిలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, చక్కెర తక్కువ. ఖర్జూరం, కిస్మిస్, అంజీర్, ఎండు ఆప్రికాట్ పండ్లు. వాటిలో సగానికి పైగా చక్కెర, కొవ్వు దాదాపు శూన్యం. కిరాణాకొట్టులో ఒకే అరలో ఉన్నంత మాత్రాన ఒంట్లో ఒకే పని చేయవు. మా ఆఫీసులో ఒక పద్దులో రాయాల్సిన ఖర్చు ఇంకో పద్దులో రాస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకునేవారు కాదు, పైసా తేడా లేకపోయినా సరే. ఇక్కడ గింజల మీద చేసిన పరిశోధనను పండ్ల పద్దులో జమ చేస్తున్నారు, అడిగేవాడు లేడు.

గింజల మీద పరిశోధనలు నిజంగానే ఆసక్తికరంగా ఉన్నాయి. స్పెయిన్‌లో ఏడు వేల నాలుగు వందల మందికి పైగా పాల్గొన్న 'ప్రెడిమెడ్' అధ్యయనంలో ఒక వర్గానికి రోజుకు 30 గ్రాముల గింజలు ఇచ్చారు: అక్రోటు, బాదం, హేజెల్‌నట్. కేలరీలు తగ్గించమని వాళ్ళకు చెప్పలేదు. అయినా చెప్పుకోదగ్గ బరువు పెరగలేదు. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని 2018లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. మనుషులను వర్గాలుగా విడగొట్టడంలో కొన్నిచోట్ల యాదృచ్ఛికత పాటించలేదని తేలింది. తిరిగి లెక్కలు కట్టి, మాటల తీవ్రత తగ్గించి, అదే పత్రికలో మళ్ళీ ప్రచురించారు. మన స్వాముల్లో ఎవరైనా ఎప్పుడైనా ఒక్క ప్రవచనం వెనక్కి తీసుకున్నారా?

బాదం సంగతి ఇంకా బాగుంటుంది. 2012లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు మనుషులకు బాదం పెట్టి, వాళ్ళ మలమూత్రాలతో సహా కొలిచి చూశారు. 28 గ్రాముల బాదంలో 170 దాకా కేలరీలని పొట్లం మీద రాస్తే, ఒంటికి అందుతున్నవి 129 మాత్రమే. గింజలోని కణాల గోడలు మనం ఎంత నమిలినా కొన్ని పగలవు, లోపలి కొవ్వు అలాగే బయటకు పోతుంది. అదే బాదాన్ని మెత్తగా రుబ్బి వెన్నలా చేస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుందని తర్వాత తేలింది. బాదంపాలు తాగేవాళ్ళు గమనించాలి. ఇది కొలిచి చెప్పిన విజ్ఞానం. కానీ కిస్మిస్‌లో పగలని గోడల వెనక దాక్కున్న కొవ్వు లేదు. గ్లూకోజు, ఫ్రక్టోజు, రెండూ శుభ్రంగా ఒంటబడతాయి. బాదం పేరు చెప్పి కిస్మిస్ అమ్మడం ఎందుకంటారా? కిలో బాదం ధర, కిలో కిస్మిస్ ధర కనుక్కుని రండి. ఒక పొట్లంలో రెండూ కలిపి "వెయిట్ లాస్ మిక్స్" అని రాస్తే అందులో ఏది ఎక్కువ పడుతుందో మీకే తెలుస్తుంది.

పీచు ఉంది కదా అనేది తర్వాతి వాదన. ఉంది. వంద గ్రాముల కిస్మిస్‌లో నాలుగు గ్రాములు. అంజీర్‌లో ఇంకా ఎక్కువ, పదికి దగ్గర. మనదేశంలో సిఫారసు రెండు వేల కేలరీల ఆహారానికి 40 గ్రాముల పీచు. అందులో పదోవంతు కిస్మిస్ ద్వారా సంపాదించాలంటే 300 కేలరీలు మింగాలి. జొన్నరొట్టె, గోంగూర, కందిపప్పు తినేవాడికి ఈ కష్టం దేనికి?

ఎదుటివాళ్ళ దగ్గరున్న బలమైన సాక్ష్యాన్ని దాచిపెట్టి గెలవడం మనకు తగదు. అమెరికాలో ప్రభుత్వం చేయించే పెద్ద ఆరోగ్య సర్వేల్లో ఎండుపండ్లు తింటామని చెప్పినవాళ్ళు తిననివాళ్ళ కన్నా సన్నగా ఉన్నారు, నడుం కొలతా తక్కువే. 2011లో ఒక వ్యాసం, 2021లో ఇంకొకటి ఈ మాట చెప్పాయి. చిట్కాలవాళ్ళు చూపించేదీ దీన్నే. అయితే 2021 వ్యాసంలోనే ఇంకో వాక్యం ఉంది: అదే మనుషులు ఎండుపండ్లు తిన్నరోజున తినని రోజు కన్నా మొత్తంమీద ఎక్కువ కేలరీలు తిన్నారు. మరి సన్నగా ఎందుకున్నారు? చిప్స్ పొట్లం బదులు కిస్మిస్ పొట్లం కొనుక్కునే మనిషి పొద్దున్నే నడకకూ వెళ్తాడు, కూరగాయలూ తింటాడు, చేతిలో నాలుగు డబ్బులూ ఉంటాయి. గుడికి కారులో వచ్చేవాళ్ళ ఆరోగ్యం నడిచి వచ్చేవాళ్ళ కన్నా బాగుంటే అది దేవుడి మహిమ అని మనం ఒప్పుకుంటామా? ఇక కిస్మిస్ తిన్న పిల్లలు తర్వాత తక్కువ తిన్నారని చూపిన ప్రయోగాల వెనక కాలిఫోర్నియా ఎండుద్రాక్ష వ్యాపారుల బోర్డు డబ్బుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన అబద్ధమని నేననను. అక్కడ పోల్చింది కిస్మిస్‌ను చిప్స్‌తో, బిస్కట్లతో. చిప్స్‌కు బదులు కిస్మిస్ తింటే మంచిదే. "బదులు" అన్న ఆ ఒక్క మాట తీసేసి మనకు అమ్ముతున్నారు. ఉన్నదానికి అదనంగా తిన్నది బరువు తగ్గించడం వోచర్ లేని జమ.

అదనంగా తింటే ఏమవుతుంది? మా ఇంటి గుప్పెడు 40 గ్రాములు తూగింది, అంటే 120 కేలరీలు. పాత లెక్క ప్రకారం 7,700 కేలరీలకు కిలో చొప్పున ఏడాదికి ఐదున్నర కిలోలు పెరగాలి. ఈ లెక్కా తప్పే. మనవైపున్నా తప్పు తప్పే. బరువు పెరిగినకొద్దీ ఒంటి ఖర్చూ పెరుగుతుంది గనక అది గీత గీసినట్టు పెరగదు. 2011లో కెవిన్ హాల్ బృందం లాన్సెట్ పత్రికలో ఇచ్చిన సవరించిన అంచనా ఏమిటంటే, రోజుకు 24 కేలరీల స్థిరమైన తేడా చివరికి సుమారు కిలో తేడా తెస్తుంది. అందులో సగం రావడానికి ఏడాది పడుతుంది. ఆ లెక్కన రోజూ గుప్పెడు కిస్మిస్ అదనంగా తింటే ఏడాదికి రెండున్నర కిలోలు. ఐదున్నర కాకపోయినా, చిట్కా చెప్పినవాడు వాగ్దానం చేసిన దిశ మాత్రం కాదు.

మన తెలుగునాట ఇంకో వింత ఉంది. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె, చక్కెర వద్దంటారు. పండ్లు, మొలకలు, ఖర్జూరం, తేనె తినమంటారు. 2017, 18లలో ఊరూరా మారుమోగిన వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, పండ్లు, తీపి ఏదీ వద్దని రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొబ్బరినూనో మరో కొవ్వో తీసుకోమన్నారు. ఒకరి అమృతం ఇంకొకరికి విషం. ఇద్దరి దగ్గరా బరువు తగ్గినవాళ్ళున్నారు, నాకూ తెలుసు. ఖర్జూరమే కారణమైతే రెండోవారి దగ్గర ఎవరూ తగ్గకూడదు. నూనే కారణమైతే మొదటివారి దగ్గర తగ్గకూడదు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని రెండుగా చేసి, సగంమందికి కొవ్వు తక్కువ, సగంమందికి పిండిపదార్థం తక్కువ ఆహారం ఏడాదిపాటు ఇప్పించారు. ఒక వర్గం సగటున 5.3 కిలోలు, ఇంకొకటి 6 కిలోలు తగ్గింది. గణాంకశాస్త్రం ప్రకారం లెక్కలోకి రాని తేడా. ఏ గురువు దగ్గరికి వెళ్ళినా రెండు పూటల చిరుతిళ్ళు, స్వీట్లు, వేపుళ్ళు పోతాయి. పిండి కొద్దీ రొట్టె అన్నారు మన పెద్దలు. మహిమ రొట్టెకు ఆపాదించి గురువులు బతుకుతున్నారు.

నా ఉద్యోగంలో చూసినది ఒకటి ఇక్కడ పనికొస్తుంది. సైన్యంలో ఎత్తైన మంచుకొండల మీద ఉండే జవాన్లకు ప్రత్యేక రేషన్ ఉంటుంది. అందులో డ్రై ఫ్రూట్స్ ఉంటాయి. అక్కడ చలికీ, పలచని గాలికీ ఆకలి చచ్చిపోతుంది, మనిషి బరువు కోల్పోతాడు. తక్కువ తిన్నా ఎక్కువ శక్తి అందాలని, అంటే బరువు తగ్గకుండా ఉండాలని ఇస్తారు. దేశం ఖజానాలోంచి డబ్బు పెట్టి బరువు నిలబెట్టడానికి కొంటున్న సరుకునే కింద మైదానంలో మనం బరువు దించుకోవడానికి కొంటున్నాం. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఆ రేషన్ గురించే ఒక లోపం పట్టుకుంది. నిర్ణయించిన సరుకుకు బదులు వేరే సరుకును సమానమైన బరువుకు కాక సమానమైన ధరకు ఇచ్చారు. ఖరీదైన సరుకు కొంచెమే వచ్చింది. రూపాయల్లో లెక్క సరిపోయింది, కేలరీలు మాత్రం కొన్నిచోట్ల 82 శాతం దాకా తగ్గాయి. ఏ కొలతతో కొలుస్తున్నామో చూసుకోకపోతే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది, కడుపులో మాత్రం తేడా ఉంటుంది.

ఇదంతా సరదా వాదన అయితే ఇంత రాయను. మా బావగారికి పన్నెండేళ్ళుగా షుగరు. ఎవరో చెప్పారని రోజూ పొద్దున ఎనిమిది పెద్ద ఖర్జూరాలు మొదలుపెట్టారు, బరువు తగ్గుతుంది, రక్తం పడుతుంది అని. మూడునెలల పరీక్షలో అంకె ఎగబాకింది. డాక్టరు మందు పెంచబోతూ ఏం తింటున్నారని అడిగితే "చక్కెర ముట్టుకోనండీ" అన్నారు, నిజాయితీగానే. పెద్ద ఖర్జూరం ఒక్కోటి 20 గ్రాముల పైమాటే. ఎనిమిదింటిలో వంద గ్రాముల చక్కెర, ఇరవై చెంచాలు. ఖర్జూరం గ్లైసీమిక్ సూచిక మరీ ఎక్కువేం కాదన్నది నిజం. ఒకటో రెండో తినేవాడికి ఆ మాట ఊరట. ఎనిమిది తినేవాడికి సూచిక కన్నా సంచి ముఖ్యం. ఆయన మానేశారు, మందు పెంచకుండానే అంకె దిగింది. దిగకపోయి ఉంటే కన్నో, కిడ్నీయో మూల్యం చెల్లించేది. చిట్కా చెప్పినవాడు మాత్రం కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మన సంఘాలన్నిటికీ పాత నేస్తమే. ఏ రోగాలను నయం చేస్తామని ప్రకటించకూడదో చెప్పే దాని జాబితాలో మధుమేహంతోపాటు స్థూలకాయమూ ఉంది. కానీ చట్టం పట్టుకునేది మందును. ఒంటి పనితీరును మార్చే పదార్థాల గురించి చెప్పినచోట "ఆహారం తప్ప" అని ఒక మినహాయింపు రాసుకుంది. ఆ సందులోంచి కిస్మిస్ పొట్లాలు దూరిపోతున్నాయి. ఆహారం మీద చేసే ప్రచారాలకు ఆహార భద్రతా సంస్థ 2018లో వేరే నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం శాస్త్రీయ ఆధారం లేకుండా ఆరోగ్య ఫలితాలు ప్రకటించకూడదు. దొంగబాబాల మీద ఫిర్యాదులు రాసే మన కార్యకర్తలు ఈ నిబంధనలనూ ఒకసారి తిరగేస్తే బాగుంటుంది. పొట్లం ఫోటో, కొన్న రసీదు జతచేస్తే చాలు, తపాలా ఖర్చు కూడా లేదు.

ఒక సంగతి గమనించారా? మన మామిడితాండ్ర కూడా ఎండబెట్టిన పండే. ఆత్రేయపురం తాండ్ర తింటే బరువు తగ్గుతుందని ఏ చిట్కా వైద్యుడూ అనలేదు. రేగు వడియాల గురించీ ఎవరూ అనలేదు. తిరుపతి లడ్డూలో జీడిపప్పూ ఉంది, కిస్మిసూ ఉంది. పరమభక్తుడు కూడా దానితో సన్నబడతానని మొక్కుకోడు. మన వంటింట్లో పుట్టినదాని తీపి మనకు తెలుసు. దూరం నుంచి, కాస్త ఖరీదుగా, ఇంగ్లీషు పేరుతో వచ్చినప్పుడే మహిమ అంటుకుంటుంది. పాపం ఇప్పపువ్వుకు కూడా అడవిలో ఉన్నంతకాలం ఈ మహిమ లేదు.

కోవూర్ గారు మహిమలు చూపినవాళ్ళకు లక్ష రూపాయల పందెం కట్టారు. నాకంత స్తోమతు లేదు. మా సంఘంలో ఇరవైమంది ముందుకొస్తే చీటీలు తీసి పదీ పదిగా విడదీద్దాం. పదిమంది ఇప్పుడు తింటున్నదానికి అదనంగా రోజుకు 40 గ్రాముల కిస్మిస్, కావాలంటే రాత్రంతా నానబెట్టి, నీళ్ళతో సహా. మిగతా పదిమంది సాయంత్రం తినే మిక్చరు, బిస్కట్లు మానేసి వాటికి బదులు అదే 40 గ్రాములు. పన్నెండు వారాలు, వారానికోసారి పొద్దున్నే ఒకే తక్కెడ మీద తూకం. షుగరు ఉన్నవాళ్ళు దయచేసి పేరివ్వొద్దు. ఇరవైమందితో శాస్త్రం తేలదని నాకూ తెలుసు, ఖర్జూరాల మిత్రులతో కనీసం చర్చ మొదలవుతుంది. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తూచే మనిషికి తెలియకూడదు కాబట్టి ఆ పని నేను చేయను. లెక్కలు మాత్రం నేను రాస్తాను. కిస్మిస్ ఖర్చు నాది.